పల్లకి ముందు అలంకారశాస్త్రం

ఒకానొక రాజ్యంలో, దాని పేరు నాగవల్లిపురం అనుకుందాం, రసభూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు పాపం. ఎటొచ్చీ, ఎనిమిది నెలలుగా ఆస్థాన పండితుడు సోమయాజులు గారి చేత అలంకారశాస్త్రం చెప్పించుకుంటున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, కొత్తగా చదువుకున్న రాజూ అంతే. దాహమేస్తే దాహమేస్తోందనడు. "మా గొంతు ఎడారి అయింది" అంటాడు. దాసీలు పరుగెత్తుకెళ్ళి వైద్యుణ్ణి పిలుచుకొచ్చేవారు.

ఆ రాజుగారి పల్లకి మోసే బోయీల్లో పైడన్నది ముందు వరస. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. వెనకవాళ్ళకి పల్లకి అడ్డమొచ్చి దారి కనపడదు. అందుకని పైడన్న చూసి కేక వెయ్యాలి. "రాయి" అంటే పాదం ఎత్తుతారు, "గొయ్యి" అంటే పక్కకి జరుగుతారు. పైడన్న తాతా అలాగే అరిచాడు, అయ్యా అలాగే అరిచాడు. అందుకు పాత రాజులిచ్చిన మూడు మళ్ళ మాన్యం మీదే వాడింట్లో తొమ్మిది మంది బతుకుతున్నారు.

ఒకనాడు పక్క రాజ్యంలో పండిత సభ జరుగుతోందని రాజు పల్లకెక్కి బయల్దేరాడు. పక్కనే పొట్టి గుర్రం మీద సోమయాజులు గారు. ఊరు దాటారో లేదో పైడన్న కేకేశాడు.

"ఎడమ పక్క రాయి! కుడి పక్క పేడ!"

పల్లకి తెర సర్రున పక్కకి జరిగింది.

"ఆపండ్రా! మాలాంటి రసికుడు పోతుంటే ముందు నిలబడి పేడ అంటావురా?"

"పేడ ఉంది మారాజా," అన్నాడు పైడన్న.

"ఉంటే మాత్రం! ఇక మీదట ప్రతి కేకా అలంకారంతో ఉండాలి. ఇదే మా శాసనం! ఈ ప్రయాణం ముగిసేలోగా అలంకారం లేని మాట ఎవరి నోట వచ్చినా వాళ్ళ భూమి పోతుంది. ఎవరైనా సరే!"

పైడన్నకి తన మాన్యం గుర్తొచ్చింది. మూడు మళ్ళూ పోతే ఇంటిల్లిపాదీ ఏం తినాలి?

"అయ్యవారూ, ఆ అలంకారమేదో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి," అని పండితుడి గుర్రం పట్టుకున్నాడు.

"ఏముందిరా! ఇది దానిలా ఉందంటే ఉపమ. ఇదే అది అనేస్తే రూపకం. ఉన్నదాన్ని పెంచి చెప్తే అతిశయోక్తి."

"విన్నావుగా? ఇప్పటి నుంచే శాసనం అమలు. నడవండి!" అన్నాడు రాజు.

నాలుగడుగులు వేశారు. దారికడ్డంగా మట్టిదిబ్బ. పైడన్న బుర్ర గోక్కుని, ఉపమ ఎత్తుకున్నాడు.

"ఎదురుగా మారాజు గారి బొజ్జ లాంటి దిబ్బ!"

ఎంత దిబ్బో వెనకవాళ్ళకి చక్కగా తెలిసిపోయింది. ఎవరూ తడబడలేదు. సోమయాజులు గారు మాత్రం నవ్వుకి దగ్గు అడ్డం పెట్టుకున్నారు.

"ఒరేయ్! మా బొజ్జ మేరుపర్వతంరా! నీ ఉపమ మా చెవుల్లో సీసం పోసింది. దాన్ని పాతాళానికి తోసెయ్!" అని రాజు గర్జించాడు.

మరి కాస్త దూరం పోయాక, దూడ తాగితే అయిపోయేంత నీటిగుంట. పైడన్న ఈసారి అతిశయోక్తి పట్టాడు.

"ఏడు సముద్రాలూ ఒక్కచోట పొంగుతున్నాయి!"

వెనక బోయీలు హడిలిపోయి పల్లకిని దభీమని దింపేశారు. "మావా, మేం గుండ్రాళ్ళలా మునిగిపోతాం!" అని దాలన్న అనే బోయీ లబోదిబోమన్నాడు. లోపల రాజు తల పల్లకి కప్పుకి ఠంగున తగిలింది.

"మా నెత్తిన పిడుగు పడింది! ఆ అతిశయోక్తిని అగ్నిలో పడెయ్!"

ఇక మిగిలింది రూపకం ఒక్కటే. ఏటి గట్టు దిగుతుంటే కుడి పక్కన మోకాలి లోతు బురద కనిపించింది. "బురద" అన్న మాట పైడన్న నాలిక చివరిదాకా వచ్చింది. మూడు మళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. మాట మింగేశాడు. అంతలోనే వాడికి ఒళ్ళు మండింది. సరే, రాజు అడిగింది రాజుకే ఇద్దాం అనుకుని, తను ఎడమకి జరుగుతూ గొంతెత్తాడు.

"కుడి పక్కంతా చల్లటి మంచిగంధం!"

ఎండకి కాళ్ళు కాలుతున్నాయేమో, వెనకవాళ్ళు సంబరంగా కుడికి నడిచారు. పల్లకి ఒరిగింది. రాజు కిరీటంతో సహా జారి బురదలో కూర్చున్నాడు.

"బురద! ఛీ ఛీ, బురద! నన్ను బయటికి లాగండ్రా!"

ఎవరూ కదల్లేదు. పైడన్న చేతులు కట్టుకుని వినయంగా వంగాడు.

"మారాజా, తమరి మాటలో అలంకారం నేతిబీరకాయలో నెయ్యిలా ఉంది. తమరి శాసనమేమో పులిలా 'ఎవరైనా సరే' అంది. మరి తమరి భూమంటే ఈ రాజ్యమంతానూ!"

రాజు మెల్లగా పండితుడి వైపు తిరిగాడు.

"సోమయాజులూ! మేం ఇప్పుడన్నదాంట్లో ఏ అలంకారం ఉందో చెప్పు. ఏదో ఒకటి చెప్పు!"

పండితుడు చప్పున లెక్క వేసుకున్నాడు. లేదంటే రాజు రాజ్యం పోతుంది, దాంతో తన కొలువూ పోతుంది.

"ఉంది ప్రభూ! స్వభావోక్తి! ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం. నా తోడు, అదీ అలంకారమే. శాస్త్రంలో ఉంది!"

"అయితే అయ్యవారూ, రాయిని రాయి అంటే?" అన్నాడు పైడన్న.

"స్వభావోక్తే."

"పేడని పేడ అంటే?"

పండితుడు ఓరగా రాజు వైపు చూశాడు. "అదీ స్వభావోక్తే."

"విన్నారా మారాజా! మా తాత, మా అయ్య, నేను, మూడు తరాలుగా అలంకారాలే అరుస్తున్నాం. మా మళ్ళ జోలికి రాకండి. తొమ్మిది మంది తినాలి."

రాజు ఆ మాట పట్టించుకోలేదు. "ఏమయ్యా, ఎనిమిది నెలల్లో ఈ అలంకారం ఒక్కసారైనా ఎత్తలేదే?" అని పండితుడి మీద విరుచుకుపడ్డాడు.

"నేనేం చెయ్యను ప్రభూ? తమరు అయిదు నెలల నుంచీ అతిశయోక్తి దగ్గరే కూర్చున్నారు. లేవనంటున్నారు."

రాజు తన వంక చూసుకున్నాడు, బురద వంక చూసుకున్నాడు. ఇక ఆగలేక పకపకా నవ్వాడు. ఆయన నవ్వుతుంటే బురద చుట్టుపక్కల అందరి మీదా చింది, వాళ్ళూ నవ్వారు.

"ఒరే పైడన్నా, నీ మూడు మళ్ళు నీవే. ఇంకో మూడు కలుపుకో. శాసనం రద్దు. ముందు నన్ను లాగు!"

లాగారు, తుడిచారు, పల్లకెక్కించారు. ఏట్లోకి నడుస్తూ పైడన్న హాయిగా కేకేశాడు. "ఏరు! మోకాలు లోతు!"

రాజు తెరలోంచి తల బయటపెట్టాడు. "ఆహా! మోకాలు లోతు! ఏం స్వభావోక్తిరా! ఆగు, ఆగు. ఏదీ, మళ్ళీ చెప్పు!"

నట్టేట్లో పల్లకి ఆగింది. పైడన్న మళ్ళీ చెప్పాడు. రాజు మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారీ అయింది. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది.

"ఇప్పుడు నడుం లోతు మారాజా! దిగబడిపోతున్నాం!"

"పో పోరా! అది అతిశయోక్తి," అని రాజు వేలు ఊపుతూ వెనక్కి చేరగిలబడ్డాడు.

అంతలో పరుపు చల్లగా తడిసి, ఆయన పిరుదులకి నీళ్ళు తగిలాయి.

"కాదు కాదు, స్వభావోక్తే! నడవండ్రా!"