తోడికోడళ్ళ తిరగలమ్మ

ముందు పిడి పట్టేది మేమంటే మేమని గెడ్డవలసలో పెద్దింటోళ్ళూ చిన్నింటోళ్ళూ ఇప్పటికీ తగువాడుకుంటూనే ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు భయపడక్కర్లేదు. గెడ్డ ఒడ్డున పెంకుల పాకలో ఉన్న తిరగలమ్మ తల్లితోపాటే పుట్టిన తగువది. విగ్రహమంటూ లేదు. పసుపు రాసిన తిరగలే తల్లి.

పూర్వం ఇక్కడ అచ్చియమ్మ అనే ఆమె ఊరందరికీ పిండి విసిరి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఆస్తంటే ఆ తిరగలే. పెద్దకోడలు నూకాలు, చిన్నకోడలు బంగారి. చిన్నది విసిరితే పిండి పువ్వులా ఉంటదని అత్త ఒకసారి నలుగురిలో అంది. అంతే, నూకాలుకి బంగారి నవ్వినా కిట్టదు, దగ్గినా కిట్టదు.

పోయేముందు అచ్చియమ్మ "తిరగలి..." అని ఆగి నీళ్ళడిగింది. తెచ్చేలోపు పోయింది. నాకిమ్మందని నూకాలు, నా వైపే చూసిందని బంగారి. పెద్దలు విసిగిపోయి చెరో రాయీ పంచారు. నూకాలుకి కింది రాయి, బంగారికి పిడి ఉన్న పై రాయి. ఒంటి రాయితో ఏం విసురుతారని ఎవరూ అడగలేదు. ఎదుటిదానికి పూర్తిగా దక్కలేదు కదా, ఇద్దరికీ అదే చాలు.

కొన్నాళ్ళకి బంగారి తన రాయికి పసుపు రాసి గుమ్మంలో పెట్టుకుందని విని నూకాలుకి అన్నం సయించలేదు. ఒక మిట్టమధ్యాహ్నం వెళ్ళి ఆ రాయి నెత్తికెత్తుకుంది. సరిగ్గా అప్పుడే బంగారి నూకాలు ఇంట్లో కింది రాయి ఎత్తుకుంటోంది. పోయేటప్పుడు తలో దారి. వచ్చేటప్పుడు బరువు కదా, ఇద్దరూ గెడ్డ ఒడ్డు దగ్గరదారే పట్టారు.

ఎదురుపడ్డారు. "దొంగతనం కూడా నేర్చావా అక్కా" అంది బంగారి. జుట్టు పట్టుకోవాలంటే చేతులు ఖాళీ ఉండాలి. బంగారి రాయి దించింది. నాదే పైన ఉండాలని నూకాలు దానిమీదే తన నెత్తిమీది రాయి పెట్టింది. కొట్టుకోవడం అయ్యాక చూస్తే రాళ్ళు విడిరాలేదు. ఊరంతా పట్టి లాగినా రాలేదు.

ఆ రాత్రి అచ్చియమ్మ నూకాలు కలలోకొచ్చింది. ఇద్దరూ పిడి పడితేనే తిరుగుతానంది. నూకాలు ఉండబట్టలేక అడిగేసింది.

"మాలో నీకెవరిష్టం అత్తా?"

"నాకా? మెత్తటి పిండి ఇష్టమే."

తెల్లారి నూకాలు కల సంగతి చెబితే, ఇద్దరూ ఎదురెదురు కూర్చుని పిడి పట్టారు. తిరగలి తిరిగింది.

అందుకే వీలునామాల దగ్గర, పంపకాల దగ్గర చెడినవాళ్ళు ఇక్కడికొచ్చి, ఎదురెదురు కూర్చుని పిడికెడు బియ్యం విసిరి, బెల్లం కలిపి ఒకే ఆకులో తింటారు. అలా తిన్నవాళ్ళకి కోర్టు గుమ్మం తొక్కే పని తల్లి పెట్టదు. ప్రేమలు పుట్టిస్తానని మాత్రం ఆమె ఎవరికీ మాటివ్వలేదు.

పాక వేసిన నేల అప్పట్లో ఒక సాహుకారుది. వెల ఎనిమిది రూపాయలన్నాడు, చెరి సగమన్నారు పెద్దలు. బంగారి నాలుగు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది. నూకాలు ఆ చేతివంకే చూస్తూ కొంగు ముడి విప్పింది. ఎక్కువిచ్చావమ్మా అని సాహుకారు అంటున్నా వినిపించుకోలేదు. ఆమె ఇచ్చింది నాలుగు రూపాయల ఒక అణా.