పెంచలయ్య గొంతు మీద విచారణ

ఒకానొక రాజ్యంలో గొంతు దేవుడిచ్చినా, దాన్ని వీధిలో ఎత్తాలంటే మాత్రం అధికారి ఒప్పుకోవాలి. డప్పు కొట్టి చాటింపు వేసే ప్రతివాడూ యోగ్యుడో కాడో విరూపయ్య అనే అధికారి తేల్చేవాడు. కాదన్నాడా, డప్పు జప్తు.

చాటింపు వేసే పెంచలయ్య ఒకరోజు, "కోట గాదెల్లోంచి పంచే జొన్నలకు పురుగు పట్టిందహో, పిల్లలకు వండి పెట్టకండహో" అని ఊరంతా తిరిగాడు. సాయంత్రానికల్లా విరూపయ్య తీర్పు వచ్చింది: "కర్కశ కంఠం. అయోగ్యుడు." డప్పు పోయింది. పురుగు జొన్నల పంపకం మాత్రం ఆగలేదు.

పెంచలయ్య రాజసభకెక్కాడు.

రాజు మీసం దువ్వుకున్నాడు. "నీ గొంతు మంచిదా చెడ్డదా అన్నది నేను తేల్చను. అది విరూపయ్య పని. ఆయన సరిగ్గా విని తేల్చాడా లేదా, అంతవరకే నా విచారణ."

"అదే అడగండి దొరా."

"విన్నాను ప్రభూ" అన్నాడు విరూపయ్య. "వెయ్యి గొంతుల్లో ఉన్నా పట్టేస్తాను."

"వెయ్యెందుకు, రెండు చాలు" అన్నాడు పెంచలయ్య. "తెర కట్టించండి. నేనూ, దొరవారి బిరుదులు చదివే భట్టుగారూ వెనక నుంచుని పలుకుతాం."

రాజుకు సరదా పుట్టింది. తెర కట్టారు.

ముందు ఒక గొంతు, "జయహో గజసింహ మహారాజ, శత్రుగజకేసరీ" అంది. విరూపయ్య కళ్ళు మూసుకుని తలూపాడు. "ఆహా, గుడిగంట. మన భట్టుగారే."

రెండో గొంతు జొన్నల సంగతి ఎత్తుకుంది. విరూపయ్య చెవులు మూసుకున్నాడు. "చాలు, ఆపండి. వీడే. గాడిద నయం. వీడికి డప్పిస్తే ఊరు చెడుతుంది."

తెర తీశారు. బిరుదులు చదివింది పెంచలయ్య. పక్కన భట్టు చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఈయన నా గొంతు విన్లేదు దొరా. జొన్నల మాట విన్నాడు, అంతే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది, నవ్వక చస్తారా. "ఆ తీర్పు కొట్టేశాం. పెంచలయ్యకు పట్టుశాలువా కప్పండి. యోగ్యత సంగతి మళ్ళీ మొదట్నుంచి, పద్ధతిగా తేల్చాలి."

"ఎవరు తేలుస్తారు దొరా?"

"ఇంకెవరు, విరూపయ్యే. అది ఆయన పని కదా."

విరూపయ్య ఈసారి తప్పు చెయ్యలేదు. పెంచలయ్యని ఎదురుగా నిలబెట్టి, పొద్దుగూకేదాకా ఓపిగ్గా విన్నాడు. విని, కారణాలన్నీ వివరంగా చెప్పి మరీ అయోగ్యుడన్నాడు. అందులో వంక పెట్టడానికి రాజుకేమీ దొరకలేదు.

శాలువా భుజాన వేసుకుని ఇంటికొచ్చిన మొగుణ్ణి, పొయ్యి ముందు కూర్చుని జొన్నల్లో పురుగులేరుతున్న అంకాలమ్మ ఎగాదిగా చూసింది.

"ఇదేంది?"

"గెలిచినందుకు ఇచ్చారు."

"మరి ఓడినాయన దగ్గర నీ డప్పెందుకుందయ్యా?"