దుంగలో గుడ్డు

నల్లకోట తలుపులకు తెచ్చిన టేకు దుంగలకు పుచ్చు పట్టింది. లోపలి పురుగు చావాలని వడ్రంగి కొండోజు వాటిని మట్టిగదిలో పేర్చి, కాగులతో నీళ్లు మరిగించి ఆవిరి పట్టిస్తున్నాడు.

పూట గడవకముందే రాజుగారిని వెంటబెట్టుకుని దివాను రంగరాయలు వచ్చాడు. దుంగమీద చెయ్యిపెట్టి, చురుక్కుమనగానే తీసేసుకున్నాడు.

"ఇంత వేడికి ఏ పురుగు బతుకుతుంది? మంట ఆర్పేసి రేపే తలుపులు నిలబెట్టు. మళ్లీ పుచ్చు కనబడిందో, నీ తల ఉండదు."

"చిత్తం దొరా," అని కొండోజు అన్నిటికన్నా లావుపాటి దుంగకు బిగించిన బిరడా ఊడదీశాడు. నడిమధ్యదాకా తొలిచిన ఆ బెజ్జంలోంచి, పొద్దున తను దాచిన కోడిగుడ్డు తీసి దివాను చేతిలో పెట్టాడు.

"పురుగు చచ్చేంత వేడి లోపలికి చేరితే ఇదీ ఉడికే ఉంటుంది. తమరే ఒలుచుకు తినండి."

రాజుగారు చూస్తున్నారు. దివాను దర్జాగా గుడ్డును గోడకేసి కొట్టాడు. పచ్చిసొన పట్టు అంగీ మీదుగా కారింది.

రాజుగారు నవ్వాపుకుని, "ఇంకో గుడ్డు పెట్టు కొండోజూ. అది ఉడికేదాకా మంట ఆరకూడదు," అన్నారు.

"ఆరదు ప్రభూ. దాన్నీ దివానుగారే తినాలని సెలవివ్వండి, కట్టెలు ఆయనే దగ్గరుండి వేయిస్తారు."