రెండో అచ్చు

ఒక ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లకు కలిపి ఒక్కటే బొమ్మ ఉండేది.

వాళ్లలో పెద్దామె ఎల్లవ్వ, తల్లి. చిన్నామె స్వరూప, భార్య. బొమ్మలో ఉన్నవాడు కనకయ్య. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు.

ఒక ఎండాకాలం పట్నం నుంచి ఒక వారపత్రికవాళ్లు వచ్చి, చెట్టు మీదున్న కనకయ్యను కింద నుంచి ఫోటో తీసుకుపోయారు. అది పేజీ నిండా వచ్చింది. వెనక ఆకాశం తెల్లగా ఉంది. చెట్టు నల్లగా ఉంది. చెట్టును పట్టుకుని కనకయ్య కూడా నల్లగా ఉన్నాడు. అతని నడుమును, చెట్టును కలిపి చుట్టిన మోకు సన్నటి గీతలా కనబడేది. గీసేవాడి ప్రాణమంతా ఆ తాడు మీదే ఉంటుంది.

కనకయ్య ఆ పేజీని చించి, మడిచి జేబులో పెట్టుకుని ఊరంతా చూపించాడు. ఆ తర్వాత వానాకాలంలో ఒక పొద్దున అదే చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. మోకు తెగింది. అతనికి వేరే ఫోటో ఏదీ లేదు.

"పెండ్లాం ఆపలేదు. వాన తుంపరల చెట్టెక్కనిచ్చింది" అని ఎల్లవ్వ అన్నది.

"కొత్త మోకు చిలక్కొయ్యకే ఉండె. పాతది తీసిచ్చింది ఎవ్వలు?" అని స్వరూప అన్నది.

ఈ రెండు మాటల తర్వాత వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగాయి. చెప్పాల్సింది ఏమైనా ఉంటే పిల్లికి చెప్పినట్టో, గోడకు చెప్పినట్టో చెప్పేవాళ్లు. ఏడాది తిరిగాక స్వరూప పుట్టింటికి పోదామని నిశ్చయించుకుంది. శుక్రవారం బస్సుకు ప్రయాణం.

ఇంట్లో పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గిన్నెలు పంచుకోవడం ఒక పూటలో అయిపోయింది. బొమ్మ దగ్గర ఆగిపోయారు.

ఎవరో జిరాక్స్ తీయించుకోమన్నారు. తీయించారు. ఇప్పుడు అసలుది ఎవరికి, నకలు ఎవరికి అని కొట్లాట వచ్చింది. నకలును చూసి ఎల్లవ్వ, "దీంట్ల నా కొడుకు లేడు, మిషిను ఉన్నది" అన్నది. ఆ మాట స్వరూప కూడా కాదనలేదు. ఆ కాగితం పొయ్యిలోకి పోయింది.

బుధవారం పొద్దున ఇద్దరూ పేజీని చెరో అంచూ పట్టుకున్నారు. ఎవరూ గట్టిగా లాగలేదు. అయినా పైనుంచి చర్రుమని చినిగింది. చిరుగు ఆకాశంలో దిగుతూ వచ్చి కనకయ్య తలకు వేలెడు దూరంలో ఆగింది. ఆ చప్పుడుకు ఇద్దరూ ఒక్కసారే చేతులు వదిలేశారు. పేజీ నేల మీద పడింది. చాలాసేపు దాన్ని ఎవరూ తీయలేదు.

ఆ మధ్యాహ్నం పేజీని ఒక పళ్లెంలో పరిచి, పళ్లేన్ని చెరో పక్క పట్టుకుని, సరోజన టీచర్ ఇంటికి పోయారు.

సరోజన టీచర్ ఆ ఊరి బడిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు పాత పత్రికల్లోని బొమ్మలను మందపాటి కాగితాల మీదికి దింపుతూ కాలం గడిపేది. అందుకు ఆమె దగ్గర ఒక పలక ఉండేది. జిలెటిన్ పొడి, గ్లిజరిన్ కలిపి కాచి, పళ్లెంలో పోసి గడ్డకట్టించిన పలక అది. జున్నుముక్కలా మెత్తగా ఉంటుంది. వేలితో తాకితే వణుకుతుంది.

"దీన్ని రెండు చెయ్యి టీచరమ్మా" అన్నది ఎల్లవ్వ.

"ఒకటే తీరుగ ఉండాలె. ఏది అసలుదో ఎవ్వరికీ తెల్వకుండ ఉండాలె" అన్నది స్వరూప.

టీచర్ పేజీని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. చిరుగు చూసింది. అడ్డంగా పడిన మడత చూసింది.

"ఒకటే తీరుగ రావు. నిజం చెప్తున్న, వినుండ్రి" అన్నది. "పలక మీద నల్లరంగు పూస్త. పేజీని బోర్లించి అద్దుత. తెల్లగున్న చోట కాగితం రంగు తాగుతది. సిరా ఉన్న చోట తాగదు, పలక మీదనే విడిచిపెడుతది. అట్ల విడిచిపెట్టిందే బొమ్మ. అది ఆరినంక పైన ఇంకో రంగు పూసి కాగితం మీదికి తీస్త. మొదటి అచ్చు మంచిగొస్తది. రెండోది నీడోలె వస్తది. మూడోది రాదు."

"మరి పేజీ?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"పేజీ పోతది. మొత్తం రంగు అంటుకుంటది."

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు, మధ్యలో మనిషి పట్టేంత జాగా వదిలి. లోపల టీచర్ తన పని చూసుకుంటూ ఉంది. కొంతసేపటికి ఎల్లవ్వ లోపలికి వచ్చి, "ముందుగాల వేరేది వేసి చూపెట్టు" అన్నది.

టీచర్ ఒక సబ్బు ప్రకటన పేజీ తీసింది. అందులో ఒక అందమైన పిల్ల నవ్వుతోంది. రంగు పోసి, రోలర్‌తో పలకంతా పరిచి, పేజీ అద్ది లేపింది. పలక మీద ఏమీ లేదు, అంతా నలుపే. రంగు ఎక్కువైందని తుడిచేసింది. ఇంకో పేజీ అద్దింది. ఈసారి రంగు తక్కువైంది. ఒక కన్ను, సగం నవ్వు వచ్చాయి.

స్వరూప పలక మీదికి వంగింది. "టీచరమ్మా, మా ఆయనకు సగం మొహం వస్తే?"

"అందుకే ముందే చెప్పిన."

మూడోసారి పిల్ల నిండుగా వచ్చింది. పలక మీద కనురెప్పల వెంట్రుకలు కూడా కనబడ్డాయి. ఎల్లవ్వ వంగి ఆ రెప్పలను దగ్గరగా చూసింది.

"చెయ్యి" అన్నది చివరికి. స్వరూప వైపు చూడకుండా, "ఆమెను కూడ అడుగు" అన్నది.

"చెయ్యమను" అన్నది స్వరూప గోడతో.

టీచర్ పలక కడిగి ఆరబెట్టింది. కొత్తగా రంగు పరిచింది. పేజీ చేతిలోకి తీసుకుని ఆగింది.

"చిరుగు ఉంది కదా, నా ఒక్కదాని చేతుల్తోని కాదు. ఒకరు అంచులు కలిపి పట్టుకోవాలె. ఇంకొకరు అద్దాలె. రంగు ఆరకముందే కావాలె, ఆరితే పేజీ పలకకు పట్టుకుంటది. గట్టిగ ఒత్తొద్దు. పసిపిల్లకు నూనె రాసినట్టు రాయాలె."

ఎల్లవ్వ చిరుగు అంచులు కలిపి పట్టుకుంది. పేజీ పలక మీదికి బోర్లా దిగింది. కనకయ్య మొహం కిందికి పోయింది, వాళ్లకు వెనకవైపున్న వంటల శీర్షిక మాత్రమే కనబడుతోంది. స్వరూప అరచేయి ఆన్చింది. కింద పలక వణికింది.

"ఎక్కడున్నడో తెలుస్తలేదు" అన్నది స్వరూప.

"నీ చెయ్యి కింద వాని ఈపు ఉన్నది" అన్నది ఎల్లవ్వ. అది ఆమె గోడకు చెప్పలేదు. "జర పైకి. ఆడ మెడ. మెల్లగ. వాడు చిన్నప్పుడు మెడ కాడ ముట్టనిచ్చెటోడు కాదు, కితకితలు వానికి."

"పెద్దయినంక కూడ అంతే" అన్నది స్వరూప.

"ఇగ కాళ్లు. కాళ్లు మంచిగ రాయి. ఎక్కీ ఎక్కీ నొస్తుండె."

స్వరూప రాసింది. రెండు నిమిషాలు కాకముందే టీచర్ చాలన్నది. పేజీ మూల పట్టుకుని, ఆపకుండా ఒక్క ఊపులో లేపింది.

పేజీలో ఆకాశమంతా నల్లబడిపోయింది. కానీ పలక మీద కనకయ్య ఉన్నాడు. మొహం పైకెత్తి ఉన్నాడు. చెట్టు ఉంది, మట్టలున్నాయి, నడుముకు కట్టిన కత్తి ఉంది.

అప్పుడు స్వరూప చూసింది. "మోకు లేదు" అన్నది.

మోకు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. టీచర్ అద్దాలు పెట్టుకుని చూసింది. "మడత సరిగ్గ దాని మీదుగ పోయింది. మడిచీ మడిచీ ఆడ సిరా రాలిపోయింది. తెల్లగున్నది కదా, రంగు తాగేసింది" అన్నది. తర్వాత సన్నటి బ్రష్ తీసింది. "ఒక్క గీతనే కదా. గీసిపెట్టనా?"

ఇద్దరూ మళ్లీ పలక మీదికి వంగారు. పలక మీద కనకయ్య ఏ ఆధారం లేకుండా, చేతులు చెట్టుకు ఆన్చి, ఆ ఎత్తున నిలబడి ఉన్నాడు.

"వద్దు" అన్నది ఎల్లవ్వ.

"వద్దు" అన్నది స్వరూప కూడా.

రంగు ఆరేదాకా ఆగాలి. టీచర్ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. చాయ్‌కు పట్టేదానికన్నా ఎక్కువసేపే అక్కడ ఉంది.

"నేనే ఇచ్చిన" అన్నది ఎల్లవ్వ, పలకను చూస్తూ. "కొత్త మోకు బిరుసుగుంటది, నడుం ఒరుసుకపోతదని పాతది తీసిచ్చిన. వాని నడుం మీద దయ తలిచిన బిడ్డా. అంతే."

స్వరూప కింద కూర్చుండిపోయింది. "నాకు వాన తెలుసు అత్తమ్మా. ఆ పొద్దున లొల్లి పెట్టుకున్న. కూర బాగలేదన్నడని మూతి ముడుచుకున్న. పోతాండు పోనీ అనుకున్న. అర్రల నుంచే వాన చప్పుడు విన్న గని బయటికి రాలె. ఒక్క మాట, వాన పడుతున్నది అంటే ఆగెటోడే."

"ఆగెటోడు గాదు" అన్నది ఎల్లవ్వ. "నేనెన్నిసార్లు చెప్పలే? ఎన్నడన్న ఆగిండా?"

"మోకు కొత్తదైనా తెగెనో ఏమో" అన్నది స్వరూప.

ఒకరు చెప్పింది ఇంకొకరు నమ్మారో లేదో తెలియదు. ఎల్లవ్వ కూడా కింద కూర్చుంది. ఈసారి ఇద్దరి మధ్య జాగా లేదు. టీచర్ మూడు గ్లాసులతో వచ్చేసరికి ఇద్దరి మొహాలూ తడిగా ఉన్నాయి. ఆమె గ్లాసులు వాళ్ల ముందు పెట్టింది.

చాయ్ తాగాక టీచర్ పలక మీద లేత పసుపు పూసి, మందపాటి కాగితం పరిచి, పైన బరువుకు పుస్తకాలు పెట్టింది. అరగంటకు కాగితం లేపింది. కనకయ్య పొద్దుటి ఎండలో ఉన్నట్టు ఉన్నాడు. నలుపు నలుపుగానే దిగింది, ఎత్తిన గడ్డం అంచు కూడా తెలుస్తోంది.

పలక మీద ఇంకా ఏదో పొరలాంటిది మిగిలి ఉంది. టీచర్ మళ్లీ పసుపు పూసి రెండో కాగితం తీసింది. అందులో చెట్టు ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు. మనిషి పొగమంచులో ఉన్నట్టు ఉన్నాడు.

టీచర్ రెండూ పక్కపక్కన పెట్టి, వెనక్కి జరిగింది. కొట్లాట వస్తే ఇప్పుడే వస్తుందని ఆమెకు తెలుసు.

ఎల్లవ్వ చేయి చాచి రెండోదాన్ని తీసుకుంది.

"అది నీ కండ్లకు కనబడదు అత్తమ్మా" అన్నది స్వరూప.

"నేను వాణ్ని ముప్పై ఏండ్లు చూసిన. నువ్వు మూడేండ్లే చూస్తివి. మంచిది నీ తాననే ఉండాలె."

స్వరూప ఒకసారి వద్దన్నది. రెండోసారి అనలేదు. ఇద్దరూ చెరో అచ్చు చుట్టుకుని ఇంటికి పోయారు. ఏ పేజీ కోసమైతే అంత కొట్లాడారో దాన్ని టీచర్ బల్ల మీదే మరిచిపోయారు.

శుక్రవారం బస్సు వచ్చింది. స్వరూప ప్రయాణం ఆగలేదు. ఆపమని ఎల్లవ్వ అడగలేదు. పెట్టె బస్సులో పెట్టించింది, తర్వాత తానే మెట్లెక్కి పక్క సీట్లో కూర్చుంది.

"నువ్వెటు అత్తమ్మా?"

"మీ అమ్మగారింట్ల గోడలెట్లున్నయో చూడొద్దా? చెమ్మ గోడకు వేలాడేస్తే బొమ్మ ఆగమైతది. మొల నేనే కొట్టి వస్త."

అన్నట్టే పోయింది. చెమ్మ లేని గోడ వెతికింది. తూర్పు వెలుగు పడేచోట తన చేతుల్తో మొల కొట్టి, బొమ్మ తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి వంకర లేదని చూసుకుంది. వియ్యపురాలు అన్నం తిని పొమ్మన్నది. తిన్నది. సాయంత్రం బస్సు దాకా స్వరూప తోడు వచ్చింది. బస్సు కదిలేటప్పుడు, "పంటలైనంక వస్త అత్తమ్మా" అన్నది. "రా" అన్నది ఎల్లవ్వ.

ఆ తర్వాత రెండో అచ్చు ఎల్లవ్వ గోడ మీదికి ఎక్కింది. రోజులు గడిచేకొద్దీ పొయ్యి పొగకు అది ఇంకా మసకబారింది.

ఒకనాడు పక్కింటి పోశవ్వ ఇంత నిప్పు కోసం వచ్చి, గోడ ముందు నిలబడి, కండ్లు చిట్లించి చూసింది.

"ఇదేనా నీ కొడుకు బొమ్మ? ఏం కనబడుతలేదేందవ్వా?"

ఎల్లవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తి గోడ వైపు ఒకసారి చూసింది.

"పైకి పోయిండు. అంత దూరం పోతే ఎవరైనా గట్లనే కనబడుతరు" అన్నది, మళ్లీ చాటలోకి వంగింది.