గొళ్లేనికి పూసిన మసి

గత్తర వచ్చిన ఏడాది, ఫాల్గుణంలో, అన్యాయంగా నింద పడింది గాజులమ్మే తిరపతమ్మ మీద. ఎవరూ గడప దాటకూడదన్న రాజాజ్ఞకు జడిసి వీధంతా తలుపులేసుకున్నా రోగం ఆగలేదు. "నువ్వే దొంగచాటుగా తిరిగి అంటించావే! రేపు రాజుగారొస్తారు, ఊళ్లోంచి గెంటిస్తా," అన్నాడు కొత్వాలు. అందరూ లోపలున్నారో లేదో చూస్తానని రోజూ ఇంటింటా దూరేది మాత్రం ఈ మహానుభావుడే!

మర్నాడు ఆయన తనిఖీకి వచ్చేలోపు తిరపతమ్మ తన గొళ్లేనికి మసి పూసింది. చేతులు కడుక్కునే అలవాటు ఆయనకెక్కడిది? రాజుగారు వచ్చేసరికి ప్రతి తలుపుకీ మసే, కొత్వాలు ఎదురెళ్లి చెయ్యేసిన రాజుగారి పల్లకీకీ మసే.

"బయటికి రావే!" అన్నాడు కొత్వాలు.

"రాను బాబూ, రాజాజ్ఞ!" అని కిటికీలోంచే అరిచింది. "మహారాజా! నేను గడప దాటలేదు. నా గొళ్లెం మసి మీ పల్లకీ దాకా ఎవరి చేత్తో వచ్చింది?"

రాజు కొత్వాలు అరచెయ్యి చూసి, అతన్నీ అతనింట్లోనే తలుపేసి కూర్చోబెట్టాడు. ఆ వీధిలో ఆఖరి రోగి లేచి తిరిగింది చైత్ర శుద్ధ దశమి, గురువారం.