రాజుగారి ఆవకాయ, గాజులవాళ్ల బొగ్గు

ఎన్నో తరాల కిందట ఒకానొక చిన్న రాజ్యం గాజుల మీదే బతికేది. ఊరి చివర వరసగా కొలిములు. వాటిలో మంట ఆరకూడదు. ఆరితే కరిగిన గాజు మట్టి మూసలోనే గడ్డకడుతుంది, మూస పగులుతుంది. ఆ ఇంటికి ఆ ఏడు పని పోయినట్టే.

రాజు ప్రచండసేనుడు ఒకనాడు అటుగా వచ్చి, కొలిముల వెనక బొగ్గు గుట్టలు చూశాడు.

"ఇవెందుకు?"

"వానాకాలానికి ప్రభూ. వాగు పొంగితే అడవి నుంచి బండ్లు రావు," అంది గాజుల నరసమ్మ.

"నా ఏలుబడిలో బండ్లు ఆగుతాయా? దాచుకోవడమంటే నన్ను నమ్మకపోవడమే. ఇకమీదట ఈ రాజ్యంలో ఎవరూ రేపటికని ఏదీ దాచరాదు."

నరసమ్మ ఆస్థాన విదూషకుడు పేరన్న ఇంటికి వెళ్లింది.

"అన్నా, మా మూసలు పోతాయి."

"ఆజ్ఞ అమలు చేసే పని నేనే అడిగి తీసుకుంటానులే అమ్మా. నువ్వు ఇంటికెళ్లు," అన్నాడు పేరన్న.

అడిగాడు. రాజు సంతోషంగా ఇచ్చాడు.

తొలివాన పడింది. రాజు భోజనానికి కూర్చున్నాడు. విస్తరి ఖాళీ.

"కట్టెలు లేవు ప్రభూ," అన్నాడు వంటవాడు. "అటక మీదివన్నీ పేరన్నగారు తీయించేశారు. కొత్త బండి వాగు అవతల ఆగిపోయింది."

"సరే, చద్దన్నమే పెట్టు. ఆవకాయ వెయ్యి."

వంటవాడు తల దించుకున్నాడు. "జాడీలు కూడా పట్టుకెళ్లారు."

పేరన్నను పిలిపించారు.

"నా ఆవకాయ ఏదిరా?"

"పంచిపెట్టేశాను ప్రభూ. ఏడాదికి సరిపడా దాచారు. అంటే మళ్లీ మామిడి కాస్తుందో లేదోనని మీకే అనుమానమన్నమాట. మీ ఏలుబడి మీద మీకే నమ్మకం లేదని నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటుంది?"

"అది వేరు. ఆవకాయంటే మా అమ్మ..." రాజు ఆగిపోయాడు. తల్లి పోయి ఏడాది కాలేదు.

బయట వాన కురుస్తోంది.

"తొలకరికి ముందే అటక నింపించేది," అన్నాడు మెల్లిగా. "కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు. ఒకటి లేకపోతే ఇంకొకటి ఉండాలనేది. ముసురు పడితే ఏ పొయ్యి ఆర్పాలో, ఏది ఉంచాలో ముందే చెప్పి ఉంచేది. ఆ ఒక్క పొయ్యి పక్కనే కూర్చునేవాణ్ణి నేను. వెచ్చగా ఉండేది."

"అమ్మగారికి మీ నాన్నగారి ఏలుబడి మీద నమ్మకం లేకనా ప్రభూ?"

రాజుకి నవ్వు వచ్చేసింది.

"బొగ్గు గుట్టలు కూడా తీయించేశావా?"

"అక్కడిదాకా ఇంకా వెళ్లలేదు. మీ ఇంటి నిల్వలే తరగడం లేదు."

"వాటి జోలికి పోకు. వాగు దాటనక్కర్లేని పాత బాట కొండ మీద ఉందిగా, అదీ బాగు చేయించు. బొగ్గు చాలకపోతే మంటలో వెయ్యడానికి ఊక నిల్వ పెట్టుకోమను. వాగు పొంగితే ఏ కొలిమి ఆర్పాలో, ఏది నిలపాలో గాజులవాళ్లని ఇప్పుడే కూర్చుని అనుకోమను. నీకేం కావాలో అడుగు."

"ముందు క్షమించండి. ఒక్కచోట ఆజ్ఞ మీరాను."

పేరన్న ఉత్తరీయం చాటు నుంచి చిన్న జాడీ తీశాడు. "అమ్మగారు చివరి వేసవిలో పెట్టిన ఆవకాయ ఇది. పంచడానికి చేతులు రాలేదు."

రాజు జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పాడు. ఆ వాసనకి పెద్దగా నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు.

"ఘాటు," అన్నాడు.

తన చేతి కంకణం తీసి పేరన్నకు తొడిగాడు. తర్వాత చద్దన్నం తనే కలిపి, తొలిముద్ద అతని చేతిలో పెట్టాడు.