సింహాసనమెక్కిన ఉడుము

నమ్మితే నమ్ము, లేకపోతే పందెం కాయి. చిత్తలకోట రాజుగారి సింహాసనమెక్కి ఒకరోజు పొద్దున్నే ఉడుము కూర్చుంది. మొసలిపిల్లంత ఉడుము! నాలుక బయటపెట్టి సభనంతా చూస్తోంది, రాజుగారికంటే శ్రద్ధగా.

రాజు పెద్దిభూపతికి సరదా పుట్టింది. "సేనాపతీ! నీకు 'ఉడుంపట్టు వీరుడు' అని బిరుదిచ్చాం కదా. అసలుది వచ్చింది. ఏదీ, నీ పట్టు చూపించు!"

సేనాపతి భల్లటరాయుడు మీసం దువ్వి, ఎగబడి తోక పట్టుకు లాగాడు. మహా తెలివి! ఉడుము గోళ్లు దిగేసి అతుక్కుపోయింది. ఈయన లాగేకొద్దీ సింహాసనం కూడా వచ్చేస్తోంది. ఇంతలో తోక జారి ఆయన చెంప ఛెళ్లుమంది.

సభలో అందరినీ నవ్వించడం బూచన్న ఉద్యోగం. ఖర్మ, ఈసారి తనే కిసుక్కుమన్నాడు.

"నవ్వావా?" రాజు ఉరిమాడు. "అయితే నువ్వే దింపు. దానికి దెబ్బ తగలకూడదు. నా సభలో ఒక్కడూ పారిపోకూడదు. చేతకాకపోతే సాయంత్రానికి పెళ్లాంతో సహా పొలిమేర దాటు!"

బూచన్నకి నెలలు నిండిన పెళ్లాం గుర్తొచ్చింది. ఉడుము మెడ ఉబ్బించి బుసకొడుతోంది. చుట్టూ ఈటెలే, పాపం అది మాత్రం ఎటు పోతుంది? దగ్గరికెళ్తే కొరుకుతుంది, పరిగెత్తితే బెదిరిపోతుంది. మెల్లిగా దూరం జరిగి దారివ్వాలి. కానీ రాజుని వెనక్కి జరగమంటే పారిపొమ్మన్నట్టే కదా!

తోటవైపు తలుపు బార్లా తీయించి అడిగాడు. "ప్రభూ, సింహాసనం మీదున్నవాళ్ల దగ్గర సెలవు తీసుకోవాలంటే మన మర్యాద ఏంటి?"

"వీపు చూపించకూడదు. వంగి, మెల్లిగా వెనక్కి నడవాలి. అదీ తెలీదా?"

"మరి ఇప్పుడు దాని మీద ఎవరున్నారు?"

రాజు కళ్లెర్రజేశాడు. "అంటే అది రాజా?!"

"ఈ పూటకే ప్రభూ. పన్నులెయ్యదు, బిరుదులివ్వదు, ఇంతకంటే మంచి పాలన..." బూచన్న నాలుక కరుచుకుని, గబుక్కున మాట మార్చాడు.

"మనం పారిపోవట్లేదు ప్రభూ, సెలవు తీసుకుంటున్నాం!"

రాజు పెదవి వణికింది. కోపమో నవ్వో తెలీలేదు. చివరికి ఆయనే ముందు వంగాడు! సభంతా చప్పుడు లేకుండా, ఉడుము మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచింది. సేనాపతి మాత్రం స్తంభానికి గుద్దుకున్నాడు, అదీ మర్యాదగానే.

చుట్టూ ఖాళీ అయ్యాక ఉడుము దిగి, తోటవైపు ఊగుతూ పోయింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాచేత ఉడుముకి దణ్ణం పెట్టించావు కదరా!" అని చేతి కడియం తీసి బూచన్నకి తొడిగాడు. సభంతా ఒకటే నవ్వు. అప్పుడు సేనాపతి ఏమన్నాడంటే... అబ్బా, వస్తున్నా అక్కా! మా అక్క పిలుస్తోంది, పోవాలి.